చెవి దగ్గరి యంత్రము: దాని చరిత్ర, దాని వెల

రేడియో వినుటకు రెండు మార్గములు కలవు. శబ్దమును గదిలోనికి విడిచి ఇంటిల్లిపాదియు కలిసి వినుట ఒకటి. శబ్దమును చెవి దగ్గరనే ఆపుకొని ఒక్కరు వినుట రెండవది. మొదటిదానికి లౌడ్‌స్పీకరు, రెండవదానికి ఇయర్‌ఫోను సాధనములు. ఇయర్‌ఫోను నిన్న మొన్న సెల్‌ఫోనుతో వచ్చిన వస్తువని పెక్కుమంది అనుకొందురు. చరిత్రను చూచినచో సంగతి తలక్రిందుగా కనిపించును. మన దేశములో రేడియోను మొదట విన్నవారిలో ఎందరో దానిని చెవికి తగిలించుకొనియే విన్నారు. గదినంతటిని నింపిన రేడియో ఆ తరువాతిది.

ఈనాడు బోనకల్ వంటి ఊరిలో గూడ చిన్న కొట్టులో అయిదారు రకముల ఇయర్‌ఫోనులు వ్రేలాడుచుండును. కొన్నింటి వెల నూరు, రెండు వందల రూపాయలు. ఫోనులోని అంగళ్లలో అదే పనికి వేయి, పదివేలు, లక్ష రూపాయల వెల గలవి కూడ కనిపించును. చూచుటకు అన్నియు గింజంత వస్తువులే. వీనిలో ఏది కొనవలెనను ప్రశ్నకు సమాధానము వెల చీటీ మీద దొరకదు. ఆ వస్తువు ఎక్కడినుండి వచ్చినది, ఏ పనికొరకు పుట్టినది అని తెలిసినచో ఎంపిక సులభమగును.

మద్రాసులో సి. వి. కృష్ణస్వామి చెట్టి ప్రభృతులు 1924లో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి, ఆ సంవత్సరము జూలై 31వ తేదీన ప్రసారములు ప్రారంభించినారు. వారి మొదటి ట్రాన్స్‌మిటరు శక్తి 40 వాట్లు మాత్రమే. ఈనాడు ఒక గదిలో వెలుగు చిన్న బల్బుకు చాలునంత విద్యుత్తుతో ఒక నగరమునకు సంగీతము వినిపించినారు. ఆ కాలమున సామాన్యునికి అందుబాటులో నున్న రేడియో క్రిస్టల్ సెట్టు. అందులో బ్యాటరీ లేదు, వాల్వులు లేవు. సీసపు ముడి ఖనిజమైన గాలీనా తునక, దానిని తాకు సన్నని తీగె మొన, ఒక తీగె చుట్ట, ఇంటిమీద పొడుగాటి ఏరియలు, చెవులకు హెడ్‌ఫోను, ఇంతే. ఇట్టి స్ఫటికముతో విద్యుత్తరంగములను పసిగట్టవచ్చునని చూపి పేటెంటు పొందినవాడు మన జగదీశచంద్ర బోసు. ఆయన 1901లో దరఖాస్తు చేయగా 1904లో అమెరికా పేటెంటు లభించినది.

క్రిస్టల్ సెట్టుకు తన సొంత శక్తి లేదు. ఆకాశమునుండి ఏరియలు మీద పడిన తరంగములో ఎంత శక్తి యున్నదో అంతతోనే అది శబ్దము పుట్టించవలెను. ఆ కొంచెపు శక్తి లౌడ్‌స్పీకరును కదలించజాలదు. చెవికి ఆనించిన పలుచని ఇనుప రేకును మాత్రము కదలించగలదు. అందుచేతనే ఆనాటి హెడ్‌ఫోనులలో వెండ్రుకవలె సన్నని రాగి తీగెను వేల చుట్లు చుట్టెడివారు. వాని విద్యున్నిరోధము 2,000 ఓములు, అంతకు మించియు ఉండెడిది. ఈనాటి ఇయర్‌ఫోనులలో అది సాధారణముగా 16 నుండి 32 ఓములు. ఎవరి యింటనైన పాత హెడ్‌ఫోను మిగిలియుండి, దానిని సెల్‌ఫోనుకు తగిలించినచో శబ్దము బహు క్షీణముగా వచ్చును. లోపము ఆ హెడ్‌ఫోనుది కాదు. అది వేరొక యంత్రముతో జతకూడుటకు పుట్టినది.

చెవిలోపల పెట్టుకొను ఇయర్‌ఫోను ఇంకను పాతది. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఎర్నెస్టు మెర్కాడియే 1891లో ఇట్టి టెలిఫోను రిసీవరుకు అమెరికా పేటెంటు పొందినాడు. దాని బరువు సుమారు 50 గ్రాములు. చెవిలో దూరు చివరలకు ఆయన రబ్బరు తొడుగులు అమర్చినాడు. చెవికి ఒరిపిడి తగ్గును, బయటి చప్పుడు లోనికి రాదు అని ఆయన ఉద్దేశము. ఈనాడు అంగటిలో చిన్నది, నడిమిది, పెద్దది అని మూడు జతలుగా ఇచ్చుచున్న సిలికోను టిప్పులకు మూలము అక్కడనే ఉన్నది.

అమెరికాలోని యూటా రాష్ట్రములో నథానియేల్ బాల్డ్విన్ అనునాయన తన యింటి వంటగదిలో కూర్చుండి హెడ్‌ఫోనులు తయారుచేసి 1910లో ఆ దేశపు నౌకాదళమునకు పంపినాడు. నౌకలోని వైర్‌లెస్ ఉద్యోగికి దూరపు సంకేతము వినబడుట ప్రాణావసరము. బాల్డ్విన్ పనితనములో విశేషమేమనగా, రెండు అయస్కాంత ధ్రువముల నడుమ ఒక చిన్న ఇనుప కమ్మిని సమతూకముగా నిలిపి, దాని కదలికను అభ్రకపు రేకునకు అందించుట. దీనిని బ్యాలెన్స్‌డ్ ఆర్మెచ్యూర్ అందురు. ఈ పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. వెల యెక్కువైన ఈనాటి ఇయర్‌ఫోనుల పెట్టెలమీద ఇదే పేరు కొత్తదివలె అచ్చుపడి కనిపించును.

మరి బోనకల్ ప్రాంతమునకు ఈ క్రిస్టల్ సెట్టు ఎందుకు రాలేదు? రైలు వచ్చినది. నిజాము రాజ్యపు రైలు మార్గము 1889లో బెజవాడ వరకు సాగినప్పుడే ఈ ప్రాంతము మీదుగా పట్టాలు పడినవి. ఐనను రేడియో తరంగము రైలువలె పట్టాలమీద రాదు. దూరము పెరిగినకొలది అది వేగముగా క్షీణించును. హైదరాబాదులో దక్కన్ రేడియో 1935లో ప్రారంభమైనప్పుడు దాని శక్తి 200 వాట్లు. క్రిస్టల్ సెట్టు అట్టి కేంద్రమునకు చుట్టుప్రక్కల మాత్రమే పలుకును. ఖమ్మము తాలూకాలకు, భద్రాచలము అడవుల అంచులకు వినిపించవలెనన్నచో వాల్వుల సెట్టు కావలెను, విద్యుత్తు లేని ఊళ్లలో దానికి బ్యాటరీలు కావలెను. ఆ వ్యయము సామాన్య గృహస్థు భరించునది కాదు. కావున చెవికి తగిలించుకొను చవుక రేడియో నగరవాసికే దక్కినది. పల్లెకు రేడియో వచ్చునాటికి అది లౌడ్‌స్పీకరు రూపమున వచ్చినది.

అప్పటికి బోనకల్ గల మధిర తాలూకా హైదరాబాదు సంస్థానములోనిది, వరంగల్లు జిల్లాకు చేరినది. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసినది. దక్కన్ రేడియోలో ప్రధాన స్థానము ఉర్దూది. తెలుగు, కన్నడము, మరాఠీ భాషలకు కొంత సమయము లభించెడిది. 1948 సెప్టెంబరులో సంస్థానము ఇండియన్ యూనియనులో కలిసినది. ఆ సంవత్సరమే డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. బోనకల్‌కు విజయవాడ నూరు కిలోమీటర్ల లోపుననే యున్నది. హైదరాబాదు అంతకు రెండింతల దూరము. తమ భాషలో పూర్తిగా పలుకు కేంద్రము చేరువలో వెలసినది. దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న కేంద్రప్రభుత్వము చేతికి వచ్చినది. తరువాత పంచాయతీలలో సామూహిక రేడియో సెట్లు వెలసినవి. సాయంకాలము అరుగుమీద పది మంది చేరి వ్యవసాయ కార్యక్రమమును, వార్తలను వినుట, విన్నదానిని చర్చించుకొనుట ఊరికి అలవాటైనది. చదువు రానివారు గూడ ఒకే సమాచారమును ఒకే క్షణమున అందుకొన్నారు.

రేడియోను మరల ఒక్కరి చెవికి చేర్చినది ట్రాన్సిస్టరు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన ఈ పరికరముతో 1954లో రీజెన్సీ టి.ఆర్-1 అను జేబు రేడియో వచ్చినది. దాని వెల 49 డాలర్ల 95 సెంట్లు. ఒక చెవికి మాత్రము పెట్టుకొను ఇయర్‌ఫోనును విడిగా కొనుక్కొనవలసి యుండెను. మన యిండ్లకు తరువాత వచ్చిన ట్రాన్సిస్టర్లతో గూడ ఇట్టి ఒంటి చెవి ఇయర్‌ఫోనులు వచ్చినవి. 1958లో జాన్ కాస్ రెండు చెవులకు వేరు వేరు శబ్దమును అందించు స్టీరియో హెడ్‌ఫోనును అమెరికాలో ప్రదర్శించినాడు. 1979 జూలైలో జపానునుండి సోనీ వాక్‌మన్ వచ్చి, నడచుచు సంగీతము వినుటను లోకమునకు నేర్పినది.

ఇక ‘ఇన్-ఇయర్ మానిటర్’ అను పేరులోని మానిటర్ మాటను చూడవలెను. ప్రసార రంగములో మానిటరు అనగా తాను పంపుచున్న శబ్దమును తానే విని సరిచూచుకొను సాధనము. భద్రాచలములో శ్రీరామనవమినాడు సీతారాముల కల్యాణమును ఆకాశవాణి ప్రత్యక్షముగా ప్రసారము చేయు సంప్రదాయము శ్రోతలకు తెలిసినదే. ఉషశ్రీ వంటి వ్యాఖ్యాతల గొంతుతో ఆ కల్యాణమును విన్నవారు దానిని మరువలేరు. అంతటి జనసమ్మర్దములో, మేళతాళముల నడుమ మాటలాడు వ్యాఖ్యాతకు తన మాట తనకు వినబడవలెను, కేంద్రమునుండి వచ్చు సూచన వినబడవలెను. అందుకు హెడ్‌ఫోను సాధనము. ఇక్కడ దాని ప్రయోజనము ఆనందము కాదు, పని.

వేదికమీద పాడువారికి గూడ ఇదే అవసరము. వారి ముందర నేలమీద లౌడ్‌స్పీకర్లు పెట్టి, వారి గొంతు వారికే వినిపించెడివారు. ఆ శబ్దము తిరిగి మైకులో పడి కూత పెట్టెడిది. డ్రమ్ముల మ్రోతను మించుటకై శబ్దమును పెంచి పెంచి గాయకుల చెవులు దెబ్బతినెడివి. 1980ల నడుమ ఇంగ్లండు, అమెరికాలలోని శబ్ద ఇంజనీర్లు ఆ శబ్దమును రేడియో ద్వారా గాయకుని చెవిలోనికే పంపు ప్రయత్నములు చేసినారు. 1995లో జెర్రీ హార్వే అను ఇంజనీరు, అలెక్స్ వాన్ హేలెన్ అను డ్రమ్ము వాద్యకారునికొరకు చెవి అచ్చుకు సరిపోవునట్టి ఇయర్‌ఫోనులు తయారుచేసినాడు. అంతకు కొంచెము ముందు, 1991లో, వినికిడి శాస్త్రజ్ఞుడైన మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ సంస్థ ఇ.ఆర్-4 అను ఇయర్‌ఫోనును విడుదల చేసినది. ఇవి వినికిడి లోపము గలవారి శ్రవణయంత్రములలోని చిన్న బ్యాలెన్స్‌డ్ ఆర్మెచ్యూర్లను సంగీతమునకు వాడుకొన్నవి. బాల్డ్విన్ వంటగదిలోని సూత్రము ఎనుబది యేండ్లకు పైబడి మరల చెవి దగ్గరకు వచ్చినది.

కాబట్టి ఈనాడు అంగటిలోనున్న ఇయర్‌ఫోనులలో రెండు జాతులు ముఖ్యము. ఒకటి డైనమిక్ డ్రైవరు. ఇది చిన్న లౌడ్‌స్పీకరే. అయస్కాంతపు నడుమ తీగె చుట్ట కదలి పలుచని పొరను కదలించును. తయారీ సులభము, మృదంగము, తబలా వంటి లోతైన నాదములు బాగుగా వచ్చును. రెండవది ఇందాక చెప్పిన ఆర్మెచ్యూరు. ఇది మిక్కిలి చిన్నది, స్వల్ప శక్తితో పనిచేయును. ఒక్కొక్కటి కొంత స్థాయిని మాత్రమే చక్కగా పలుకును గనుక ఒకే చెవిలో రెండు, మూడు, అంతకు మించియు అమర్చుదురు. సంఖ్య పెరిగినకొలది వెల పెరుగును. శబ్దము గూడ అంతకంత మెరుగగునని మాత్రము చెప్పరాదు.

2017లో యెరున్ బ్రేబార్ట్ అను పరిశోధకుడు 283 హెడ్‌ఫోనులను, ఇయర్‌ఫోనులను కొలిచి, అవి వివిధ స్థాయిలను పలుకు తీరునకును, వాని వెలకును సంబంధమేమియు కనిపించలేదని ప్రకటించినాడు. అనగా హెచ్చు వెల పెట్టినంత మాత్రమున సమతూకమైన శబ్దము దొరకునని నమ్మరాదు. వెలలో కొంత తీగెకు, పెట్టెకు, లోహపు తొడుగునకు, పేరునకు పోవును.

ఇప్పుడు వెలలవారీగా చూతము. మూడు వందల రూపాయల లోపల దొరకువానిలో మాట స్పష్టముగా వినవచ్చును. వార్తలకు, ప్రసంగములకు, ఫోనులో మాటలాడుటకు ఇవి చాలును. వాని బలహీనత తీగె. పిన్ను దగ్గర, చెవి దగ్గర తరచు తెగును. సుమారు ఐదు వందలనుండి రెండువేల రూపాయల నడుమ తీగె గల ఇన్-ఇయర్ రకములు గడచిన పదియేండ్లలో బాగుగా వృద్ధి పొందినవి. చైనా తయారీదారుల పోటీ ఇందుకు ముఖ్య కారణము. వీనిలో కొన్నింటికి తీగెను విడదీసి మార్చుకొను వసతి కలదు. తీగె చెడినప్పుడు మొత్తము వస్తువును పారవేయనక్కరలేదు. సంగీతమును శ్రద్ధగా వినువారికి, సంగీతము నేర్చుకొను పిల్లలకు ఈ మెట్టు చాలును. వేలు దాటినపుడు లభించునది బయటి చప్పుడునుండి రక్షణ, గట్టి తయారీ, సన్నని భేదములు. వేదికమీద పనిచేయువారికి అవి అవసరము. పదివేలు మొదలు లక్ష రూపాయల వరకు గల రకములు వృత్తికళాకారులకు, ఆ శబ్దమే వ్యసనముగా గలవారికి. చెవి అచ్చు తీయించి చేయించుకొనునవి గూడ ఈ తరగతిలోనివే.

వెలకంటె ముందుగా మనము వినునదేమి అని చూచుకొనవలెను. మీడియం వేవ్ ప్రసారములో సుమారు 5,000 హెర్ట్జుల లోపలి శబ్దమే వచ్చును. ఎఫ్.ఎమ్. ప్రసారములో 15,000 హెర్ట్జుల వరకు వచ్చును. మనుష్యుని చెవి మిక్కిలి లేత వయసున 20,000 వరకు వినును, వయసుతో పాటు అది తగ్గును. మూలములో లేని శబ్దమును ఏ వెల గల ఇయర్‌ఫోనును పుట్టించజాలదు. రేడియో వార్తలకు పదివేల రూపాయల ఇయర్‌ఫోను కొనుట మానికతో కొలువవలసిన గింజలకు బండి కట్టుట వంటిది.

రెండవది టిప్పు. చెవిలో టిప్పు సందు లేకుండ కూర్చుండనిచో లోతైన నాదములన్నియు ఆ సందులోనుండి జారిపోవును. మంచి ఇయర్‌ఫోను గూడ రేకు డబ్బావలె పలుకును. పెట్టెలోనున్న మూడు జతలను మార్చి మార్చి చూచి, రెండు చెవులకు వేరు వేరు కొలతలు కావలసియున్నచో అట్లే వాడుకొనవలెను. కానీ ఖర్చు లేని మెరుగుదల ఇది. మూడవది, తీగె లేని రకము. సౌకర్యము నిజమే. కాని అందులోని చిన్న బ్యాటరీ కొన్నేండ్లకు క్షీణించును, దానిని మార్చుట సాధారణముగా కుదరదు. కావున వెలను అది పనిచేయు సంవత్సరములతో భాగించి చూడవలెను. బ్లూటూత్ శబ్దము కొంచెము ఆలస్యముగా చేరును గనుక పాడువారికి, వాద్యము వాయించువారికి అది తగదు. మరి యొక సంగతి రేడియో శ్రోతలు గమనింపదగినది. ఎఫ్.ఎమ్. సౌకర్యము గల సెల్‌ఫోనులలో సాధారణముగా ఇయర్‌ఫోను తీగెయే ఏరియలుగా పనిచేయును. 1924లో ఇంటిమీద కట్టిన తీగె చేసిన పనిని నేడు మెడనుండి వ్రేలాడు తీగె చేయుచున్నది.

ఇంతవరకు చెప్పినది రూపాయల లెక్క. దీనికంటె పెద్ద లెక్క మరొకటి యున్నది. చెవిలోపలి సూక్ష్మ రోమకణములు ఒకసారి నశించినచో తిరిగి మొలకెత్తవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు వారమునకు 40 గంటలు, 80 డెసిబెళ్లు. పిల్లలకు 75 డెసిబెళ్లు. శబ్దము మూడు డెసిబెళ్లు పెరిగినకొలది కాలము సగమగును. 90 డెసిబెళ్ల వద్ద వారమంతటికి నాలుగు గంటలే. లోకములో నూరు కోట్లకు పైగా యువజనులు ఈ ప్రమాదపు అంచున ఉన్నారని ఆ సంస్థ హెచ్చరించుచున్నది. చెవిలో చక్కగా కూర్చుండు ఇయర్‌ఫోను బయటి చప్పుడును ఆపును గనుక తక్కువ శబ్దముతో వినవచ్చును. బస్సులో, మిల్లు దగ్గర శబ్దమును పెంచనక్కరలేదు. గాయకుల చెవులను కాపాడుటకు పుట్టిన వస్తువు మన చెవులను గూడ కాపాడగలదు. దానితోనే శబ్దమును హెచ్చించి వినినచో అదే హాని చేయును.

చప్పుడును ఆపు గుణమే మరియొక చోట మృత్యువగును. బోనకల్ కాజీపేట–విజయవాడ మార్గములోని స్టేషను. రాత్రింబగళ్లు రైళ్లు నడచు దారి యది. పట్టాల దగ్గర, రోడ్డుమీద, ట్రాక్టరు త్రోవలో రెండు చెవులును మూసుకొని నడచువానికి కూత వినబడదు. అట్టి చోట్ల ఇయర్‌ఫోనులను జేబులో పెట్టుకొనుటయే తెలివి. ఇంటి పెద్దలు పిల్లలకు వస్తువును కొనియిచ్చునాడే ఈ మాటను గూడ చెప్పవలెను.

చెవి దగ్గరి యంత్రము మొదట పేదవాని రేడియోకు ఊత అయినది, నౌకాదళమునకు పనిముట్టు అయినది, వ్యాఖ్యాతకు, గాయకునికి తోడైనది. నేడు ప్రతి జేబులో చోటు సంపాదించినది. మాట వినుటకు మూడు వందలు, పాట వినుటకు వేయి రెండువేలు, వృత్తికి అంతకు మించి అని లెక్క వేసుకొన్నచో గృహస్థునకు నష్టము రాదు. మిగిలిన డబ్బుతో ఇంటిలో ఒక మంచి రేడియో ఉంచుకొనుట మంచిది. అరుగుమీద పది మంది కలిసి విన్న వార్తమీద చర్చ జరిగెడిది. ఒక్కరి చెవిలో పడినదానికి ఆ అవకాశము లేదు. రోజునకు ఒక గంటయైన ఇయర్‌ఫోను తీసి ఇంటివారితో కలిసి వినుట చెవికిని మేలు, ఇంటికిని మేలు.